ఉరుముల ఊయల

సూర్యుడు తూర్పుకొండ దాటి నాలుగు బారలైనా పైకి రాకముందే శంబరీ లోయలో పిడుగు పడినట్టు మోత పుట్టింది. కదంబవనంలో అప్పుడే నిద్రలేచిన నెమళ్ళు మేఘం వచ్చిందనుకుని పురివిప్పాయి. తీరా తలెత్తి చూస్తే ఆకాశం కడిగిన నీలంరాయిలా మెరిసిపోతోంది. మోసపోయామన్న చిన్నతనంతో అవి మళ్ళీ తోకలు ముడుచుకున్నాయి.

ఆ మోతకు కారకుడు నీలధార రాజ్యానికి యువరాజైన వసుకేతుడు. అయితే ఆ ఉదయం అతన్ని చూసినవారెవరూ యువరాజు అనుకోరు. ఒంటినిండా బొగ్గుమసి, నడుముకు ముతక అంగవస్త్రం, తలకు చిరుగుల పాగా. బాణసంచా కట్టే గంగాలు దగ్గర కూలికి కుదిరిన మొద్దబ్బాయిగానే ఆ లోయలో అతన్ని ఎరుగుదురు.

గంగాలుది నీలధారలో పేరుమోసిన చెయ్యి. ఆమె కట్టిన చిచ్చుబుడ్డి వెలిగిస్తే అందులోంచి బంగారు గుర్రాలు దూకుతున్నట్టుండేది. ఆ సంగతి ఎవరూ చెప్పకముందే ఆమే చెప్పుకునేది. ఆమె గొప్ప చెవినపడి శార్దూలజటుడనే మాంత్రికుడు తన పుట్టినరోజు పండుగకు బాణసంచా కట్టమని కబురంపాడు. వాడికి మెరుపులన్నా మోతలన్నా చెప్పలేని మోజు. ఆ కబురు వినగానే వసుకేతుడు తిన్నగా గంగాలు ఇంటికి వెళ్ళి, "నీ కూలివాడిగా నన్ను తీసుకుపో" అని అడిగాడు. ఎందుకంటే ఆ మాంత్రికుడి చెరలో ఉన్నది అతని నాయనమ్మ, రాజమాత కనకాంబాదేవి.

చెర అంటే చీకటికొట్టు కాదు. లోయకు ఆవలి గట్టున, వాడి గుహద్వారం ముందు, ఏనుగు తొండం చాచినట్టు ఒక నల్లబండ, అడుగున ఏటి మడుగున్న అగాధం మీదికి పొడుచుకువచ్చింది. దాని కొసనుంచి ఒక తాడు కిందికి వేలాడుతోంది. అది నారతోనో పట్టుతోనో పేనింది కాదు. పులిచారలున్న మాంత్రికుడి జడల్లో ఒకటి కోసి కట్టిన తాడు. ఆ తాడు చివర బంగారు పంజరం. ఆ పంజరంలో పసుపుముక్కు గోరువంక ఒకటి పొద్దస్తమానం మాట్లాడుతూ ఉండేది. ఆ గోరువంకే రాజమాత!

నీలధార జలదుర్గం తలుపులు తెరుచుకునే మాట ఒకటుంది. అది రాజమాతకు తప్ప మరొకరికి తెలియదు. ఆ మాట రాబట్టాలనే మాంత్రికుడు ఆమెను పిట్టను చేసి ఎత్తుకుపోయాడు. ఆమె వాడికి తన పెళ్ళిలో వడ్డించిన పిండివంటలు చెప్పింది, ఆడపడుచుల తగాదాలు చెప్పింది, పట్టపుటేనుగుకు పుట్టిన గున్నల పేర్లు వరసగా చెప్పింది. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. వాగ్ధాటి భరించలేక వాడు రెండు చెవుల్లోనూ మైనం కూరుకుని, పంజరాన్ని గుహలోంచి తీసి బయట అగాధం మీద వేలాడదీశాడు. పండుగనాటి సాయంకాలం ఆ పిట్టను హోమగుండంలో వేస్తానని శపథం కూడా చేశాడు.

ఆ పండుగ ఈవేళే.

బండ మీద పరాయి పాదం పడితే గుహలోని శంఖాలన్నీ వాటంతటవే మోగుతాయి. బాణం వేస్తే ఆ జడతాడు పాములా పక్కకు ఒంగి తప్పించుకుంటుంది. ఇక మిగిలింది తుపాకి. బాణసంచా వెదురుగొట్టంలో దాచి తెచ్చిన పొడుగాటి తుపాకి ఇప్పుడు వసుకేతుడి చేతుల్లో పొగలు కక్కుతోంది. పండుగకు మోతలు సరిచూస్తున్నారనుకుని లోయలో ఎవరూ పట్టించుకోలేదు.

"ఎంత గీసింది?" అని అరిచాడు వసుకేతుడు.

ఈవలి గట్టు మీద పంజరం ఎంత దూరమో అంత దూరాన, గుట్ట చాటున, గంగాలు ఒక మద్దిదూలాన్ని నాలుగు తాళ్ళతో ఊయలలా కట్టింది. గుండు వచ్చి దూలానికి తగిలితే ఊయల వెనక్కి ఊగుతుంది. దూలం అడుగున కట్టిన నెమలీక కాడ, కింద పరిచిన ఇసుక మీద గీత గీస్తుంది. గుండు ఎంత వేగంగా వస్తే గీత అంత పొడుగు. ఊయల ముందు ఒక ఈతచాప, దాని నడుమ పసుపుబొట్టు. గుండు చాపను చీల్చుకుని దూలంలో దిగబడితే గురీ వేగమూ రెండూ ఒక్క దెబ్బకే తెలిసిపోతాయి.

గంగాలు ఇసుక మీద చెయ్యి పరిచింది. "జానెడే! ఈ పచ్చదారం తూటాలు మావిడికాయలు రాలగొట్టడానికి పనికొస్తాయి, రాజాబాబూ!"

"గురి?"

"గురికేం, బంగారం! అయిదు చిల్లులూ ఒక్క తమలపాకు కింద దాక్కున్నాయి."

గురి కుదిరిందిగాని లాభం లేదు. నిన్ననే గుర్రపు వెంట్రుకలతో అలాంటి తాడొకటి పేని పరీక్షించారు. మెల్లగా వచ్చిన గుండు తాడును పక్కకు నెట్టి జారిపోయింది. వేగంగా వచ్చిన గుండు మాత్రం తాడు ఒంగేలోపలే తెంపేసింది. పిట్ట ప్రాణమంతా ఇప్పుడు ఆ వేగంలోనే ఉంది.

తూటాలన్నీ గంగాలు స్వయంగా కట్టింది. నూనెకాగితంలో కొలిచిన మందు పోసి, చిన్న రోకలితో కూరి, పైన సీసపు గుండు పెట్టి, కాగితం కొసను రంగుదారంతో ముడివేసింది. పచ్చదారమంటే మందు తక్కువ. ఎర్రదారమంటే వెదురుగరిటె నిండుగా. ఇప్పుడామె ఎర్రదారం తూటా తెచ్చి అతని చేతిలో పెట్టి, తాను మాత్రం దూరంగా ఒక బండచాటుకు పోయి చెవులు మూసుకుంది.

"నువ్వెందుకు దాక్కున్నావు?" అన్నాడు వసుకేతుడు అనుమానంగా.

"నా పనితనం మీద నాకు నమ్మకం ఎక్కువ, బాబూ. అందుకే!"

వసుకేతుడు తూటా కొస కొరికి మందు గొట్టంలో పోశాడు. గుండు వేసి, గజమనే పొడుగాటి ఇనుపచువ్వతో దట్టించాడు. వత్తి ఊది ఎర్రజేసి గురి చూశాడు. మీట నొక్కగానే లోయ ఈ చివరనుంచి ఆ చివరకు ఘూర్ణిల్లింది. తుపాకి మడమ అతని భుజాన్ని గుర్రం తన్నినట్టు తన్నింది. అతను వెల్లకిలా పడి, కాళ్ళు ఆకాశానికి చూపిస్తూ, పొగలోంచి నవ్వడం మొదలుపెట్టాడు. గంగాలు పరుగున వెళ్ళి ఇసుక చూసి కెవ్వున కేకేసింది.

"మూడు జానలు! ఊయల తిరగబడబోయి ఆగింది!"

"చాపలో ఎక్కడ పడింది?"

గంగాలు చాపంతా వెతికింది. పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూసింది. చివరికి చాప అంచున, పసుపుబొట్టుకు ఆమడ దూరంలో ఒక చిల్లు కనిపించింది. మరో నాలుగు కాల్చేసరికి ఒకటి చాప మూలన పడింది, ఒకటి ఊయల తాటిని రాసుకుపోయింది, ఒకటి దారిన పోయే కొండముచ్చు చేతిలోని వెలక్కాయను బద్దలుకొట్టింది. ఆ కొండముచ్చు చేతిలో మిగిలిన ముక్కకేసీ వసుకేతుడికేసీ మార్చి మార్చి చూసి, ముక్క అక్కడే వదిలేసి చెట్టెక్కింది. అయిదోది ఎటుపోయిందో ఎవరికీ తెలియలేదు.

ఆవలి గట్టునుంచి గోరువంక గొంతు ఖంగున మోగింది. "ఓరి మసిమొహం! తాడును కొట్టమంటే తారల్ని కొడతావేమిట్రా? ఆ గుండు నా తోకపక్కనుంచి పోయింది. ఈకొకటి ఊడింది కూడాను!"

ఆమె మనవణ్ణి మొదటిరోజే పోల్చుకుంది. అయినా ఒక్కసారీ పేరుపెట్టి పిలవలేదు. కూలివాణ్ణి తిడుతున్నట్టే కావలసినదంతా చెప్పేది. ఆ లోయలో ఆమె మాటలు సెలయేటి చప్పుడులాంటివి. ఉన్నాయని అందరికీ తెలుసు, వినేవాడు లేడు.

"మందు పెరిగితే గుండు పిచ్చెత్తిపోతోంది. తగ్గితే నిద్రపోతోంది. నడిమి పాళ్ళు పట్టాలి" అన్నాడు వసుకేతుడు భుజం రుద్దుకుంటూ.

"నడిమివీ కట్టాను. నీలం దారం" అని గంగాలు గర్వంగా ఒక బుట్ట ముందుకు తోసింది.

మొదటి నీలం తూటా రెండు జానలు గీసి, పసుపుబొట్టు పక్కన పడింది. ఇద్దరూ చేతులు పట్టుకుని గిర్రున తిరిగారు. రెండోది జానెడున్నరే గీసి, చాప కిందికి దిగింది. మూడోది రెండు జానలు దాటింది. నాలుగోది మళ్ళీ కుంటింది. గంగాలు ముఖంలో రంగు మారింది.

"ఒక్క గరిటెతోనే పోశానే! ఒక్క గింజ అటూ ఇటూ కాదు! నా చెయ్యి ఎన్నడూ తప్పదు!"

"నీ చేతినేమీ అనడం లేదక్కా. నా ఎదుట ఒకటి కట్టు, చూస్తాను."

గంగాలు మూతి ముడుచుకుని కూర్చుంది. కాగితం చుట్టింది, మందు పోసింది, చిన్న రోకలి అందుకుంది. రోకలి చేతికి రాగానే అలవాటుగా పాట నోటికి వచ్చింది.

"దంచవే చెల్లెలా బొగ్గుల దుమ్ము
దంచితే మామయ్య గుండెలు ఝమ్ము"

వసుకేతుడు వింటూ కూర్చున్నాడు. మామయ్య సంతకు పోయే చరణం హుషారుగా సాగింది, రోకలి గబగబా తేలికగా పడింది. రెండో తూటా దగ్గరకు వచ్చేసరికి పాటలో మామయ్య అలిగి తిరిగిరాని ఘట్టం. గంగాలు గొంతు బరువెక్కింది. రోకలి నింపాదిగా, దిగబడి పడింది.

వసుకేతుడు ఎగిరి గంతేశాడు. "దొరికింది! నీ మందులో తప్పు లేదు, నీ కొలతలో తప్పు లేదు. తప్పంతా మీ మామయ్యదే!"

"మధ్యన మా ఆయన్నేమిటి అనడం?"

"ఆయన సంతకు పోతే మందు వదులుగా ఉంటోంది. అలిగితే గట్టిగా బిగుస్తోంది. గట్టిగా బిగిసిన తూటాకి ఒక వేగం, వదులు తూటాకి ఒక వేగం. ప్రతి తూటాకీ ఒకే చరణం పాడు, ఒకే తీరున పాడు!"

గంగాలు నోరు తెరుచుకుని చూసి, తొడ చరిచి పకపకా నవ్వింది. "ఇన్నేళ్ళుగా నా చిచ్చుబుడ్లలో ఒకటి తాటిచెట్టంత, ఒకటి తంగేడు మొక్కంత లేస్తుంటే గాలివల్లననుకున్నాను! ఏ చరణం పాడమంటారు?"

"అలకదే. కాని మరీ ఏడవకు."

అప్పుడిక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె పాడుతూ దంచింది, అతను తాళం వేస్తూ లయ తప్పనివ్వలేదు. గంగాలు తన ఊపుమీద తాను వేగం పెంచబోతే అతను కళ్ళెర్రజేసేవాడు. నాలుగైదు కట్టేసరికి ఆవలి గట్టునుంచి గోరువంక కూడా గొంతు కలిపింది. రాజమాతకు ఆ పాట వచ్చునని వసుకేతుడికి అంతవరకూ తెలియదు. నీలధార అంతఃపురంలో ఆమె పాడగా అతనెన్నడూ వినలేదు. గోరువంక నోట ఆ దంపుడుపాట లోయంతా తేలుతుంటే అతనికి నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి.

ఆ తూటాలకు తెల్లదారం కట్టారు. మొదటిది కాల్చారు, రెండు జానలు. రెండోది, రెండు జానలు. మూడో దానికి గంగాలు ఇసుక చూడటం మానేసి చాపవైపు పరుగెత్తింది. మూడు చిల్లులూ ఒకదాన్నొకటి ఒరుసుకుని తామరరేకుల్లా విచ్చుకున్నాయి. వాటిని కప్పడానికి తమలపాకు అక్కర్లేదు, వేపాకు చాలు.

"రాజాబాబూ!" అంటూ ఆమె చాపను ఊడబీకి జెండాలా తిప్పుతూ వస్తోంది. ఉన్నట్టుండి నేల దడదడలాడింది.

వసుకేతుడు రెప్పపాటులో తుపాకిని వెదురుగొట్టంలోకి తోసేశాడు. గుట్ట మలుపులో ముందు ఒక పొట్ట కనిపించింది. తర్వాత చాలాసేపటికి దాని వెనకనుంచి మనిషి కనిపించాడు. మనిషి కాదు, మాంత్రికుడి కావలివాడు, ఘటోదరుడనే రాక్షసుడు. నెత్తిన ఒకే కొమ్ము, చేతిలో తాటిమొద్దంత గద.

"ఏమే గంగాలూ, ఏమిటి ఈ గానకచేరీ? పొద్దుటినుంచి మోతలు, మోతల మధ్యన పాటలు!" అని గర్జించి, వాడు ఊయల దూలాన్ని చూశాడు. వాడి కళ్ళు అందులో దిగబడిన గుండ్ల దగ్గర నిలిచాయి. "ఇదేమిటి?"

వసుకేతుడి చెయ్యి మెల్లగా మొలలోని బాకు మీదికి పోయింది. గంగాలు మాత్రం రెప్ప వెయ్యలేదు.

"స్వామివారి పుట్టినరోజుకు కట్టిన ఉరుముల ఊయల, దొరా! లోకంలో ఇంకెక్కడా లేదు. ఇందులో కూర్చుని ఉరుము వింటూ ఊగితే స్వర్గం కనిపిస్తుంది. ఆ సీసపు బొట్లు అలంకారానికి పెట్టినవి. ఓరి మొద్దూ, దిష్టిబొమ్మలా నిలబడ్డావేం? దొరగారికి దణ్ణం పెట్టు!"

యువరాజు వంగి దణ్ణం పెట్టాడు.

ఘటోదరుడు గద కింద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "మరి... నేనొకసారి కూర్చోవచ్చునా?"

"మీరు కాక ఇంకెవరు కూర్చోవాలి!"

వాడు దూలం మీద కూలబడ్డాడు. తాళ్ళు కిర్రుమన్నాయి. వసుకేతుడు బాణసంచా గొట్టమొకదానిలో ఉత్తమందు పేల్చాడు. అదే అదనులో గంగాలు వెనకనుంచి తాడు లాగి వదిలింది. ఊయల ఝుమ్మని లేచింది. ఘటోదరుడు మొదట గాభరాపడి, తర్వాత చంటిపిల్లాడిలా కిలకిలా నవ్వాడు. "ఇంకోసారి! ఇంకోసారి!"

ఊగుతూ ఊగుతూ వాడే చెప్పాడు. "సాయంకాలం దాకా ఇక్కడే ఉందునుగాని, ఆ వీలు లేదు. స్వామి ముహూర్తం ముందుకు జరిపాడు. ఆ గోరువంక పాట మైనంలోంచి కూడా వినిపిస్తోందట. ఇప్పుడు హోమగుండం రాజేస్తున్నాడు. అది అంటుకోగానే పిట్టను లాగేస్తాడు. మీ బాణసంచా సిద్ధం చేసుకోండి."

గంగాలు చేతిలోని తాడు బిగుసుకుపోయింది. ఆవలి గట్టున గుహలోంచి సన్నని నీలిపొగ అప్పుడే పాకి వస్తోంది.

వాడిని పంపించే వేళ లేదు, పంపినా వెళ్ళేలా లేడు. తాడు తెగితే మడుగులో పడే పంజరాన్ని అందుకోవడానికి గంగాలు కిందికి దిగి, అక్కడ కట్టి ఉంచిన పుట్టి, అదే గుండ్రటి వెదురుపడవ, ఎక్కాలి. ఆమె వసుకేతుడి చెవిలో, "మూడే తెల్లదారాలున్నాయి, బాబూ. నేను దిగేదాకా వీణ్ణి ఊపుతూ ఉండండి" అని ఊది, పైకి మాత్రం, "ఒరే, దొరగారిని చూసుకో. నేను కిందినుంచి ఇంకాస్త మందు తెస్తాను" అంటూ కొండమెట్ల వెంట చరచరా దిగిపోయింది.

వసుకేతుడు ఊయల పక్కనే గట్టు అంచుకు జరిగి, ఊయల తాడు కొసను తన పాదానికి కట్టుకున్నాడు. అక్కడినుంచీ పంజరం అంతే దూరం. "దొరా, కళ్ళు తెరిచి ఊగితే చెట్లే కనిపిస్తాయి. గట్టిగా మూసుకోండి, స్వర్గం అప్పుడు కనిపిస్తుంది."

ఘటోదరుడు బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. "అప్సరసలు కూడానా?"

"ఆరో ఉరుముకి, దొరా!"

అతను బోర్లా పడుకున్నాడు. ఒక కాలితో తాడు తన్నుతూ, రెండు చేతులతో తుపాకి దట్టిస్తూ, నోటితో గంగాలు పాటే లోలోపల పాడుకుంటూ గురి చూశాడు. నల్లతాడు ఇంత దూరానికి చీమలబారులా సన్నగా కనిపిస్తోంది. మీట నొక్కే క్షణానే ఊయల వెనక్కి పోయి అతని పాదాన్ని గుంజింది. గుండు నల్లబండకు తగిలి నిప్పులు రాల్చింది.

"మూరెడు పైకి, మసిమొహం!" అని అరిచింది గోరువంక. "కాలికి ఆ తాడేమిట్రా? పనిచేసేటప్పుడు ఒక్క పని చెయ్యమని నీకెన్నిసార్లు చెప్పాను!"

"ఒకటో ఉరుము" అని పరవశంగా లెక్కపెట్టాడు ఘటోదరుడు.

రెండోసారి వసుకేతుడు ఊయల ముందుకు వచ్చే వరకూ కాచుకున్నాడు. తాడు వదులైన క్షణాన, ఊపిరి బిగబట్టి, కాల్చాడు. జడతాటిలో ఒక పాయ ఫట్టున తెగి గాలిలో సుడి తిరిగింది. పంజరం ఒక పక్కకు ఒరిగిపోయింది. దాని చిరుగంటలన్నీ గలగలా మోగాయి.

ఆ గంటలు శార్దూలజటుడికి వినబడలేదు. కాని తన జడ తెగితే తల నొప్పెట్టదా? గుహలోంచి "హా!" అంటూ వాడు దూసుకొచ్చాడు. పొగచూరిన రాగి రంగు ఒళ్ళు, పసుపూ నలుపూ చారల జడలు, నిప్పుల్లాంటి కళ్ళు. ఒరిగిన పంజరాన్ని చూశాడు. తాడు చేతులతో పట్టుకుని బారలు బారలుగా పైకి లాగసాగాడు. పంజరం ఊగుతూ, గిరగిరా తిరుగుతూ పైకి పోతోంది.

వసుకేతుడు పాదానికున్న తాడు కోసేశాడు. చివరి తెల్లదారం కొస కొరికాడు. పాటను ఈసారి గొంతెత్తి పాడాడు. అలక చరణం, నింపాదిగా, ఒక్కొక్క మాటా దిగబడేలా. పాట లయకు గజం దిగింది. ఆవలినుంచి గోరువంక అదే చరణాన్ని అందుకుంది. గిరగిరా తిరిగే పంజరంలో ఆమె గొంతు మాత్రం లయ తప్పలేదు.

"ఊయల ఆగిపోయిందేం?" అని ఘటోదరుడు ఒక కన్ను తెరిచాడు. ఎదురుగా, తమ స్వామికి గురిపెట్టిన తుపాకి! వాడు బొబ్బపెట్టి దూలం మీదినుంచి దూకబోయాడు.

వసుకేతుడు వెనక్కి తిరగలేదు. మాంత్రికుడి పిడికిళ్ళకు జానెడు కిందుగా, పైకి జరిగిపోతున్న ఆ నల్లని గీతకు రవ్వంత ముందుగా గురి నిలిపి, మీట నొక్కాడు.

తాడు తెగింది. పక్కకు ఒంగడానికి దానికి వ్యవధి చాలలేదు. బలంకొద్దీ లాగుతున్న శార్దూలజటుడు చేతిలో ఉత్త తాటిముక్కతో వెనక్కి ఎగిరి, తాను రాజేసిన హోమగుండంలోనే కూలబడ్డాడు. "అబ్బా!" అన్న వాడి కేకకు గుహలోని శంఖాలన్నీ భయపడి ఒక్కసారి మోగాయి. బంగారు పంజరం ఎండలో తళుకుమంటూ, తోకచుక్కలా కిందికి, కిందికి, శంబరీ మడుగులోకి దూసుకుపోయింది.

వెనకనుంచి ఘటోదరుడి గద లేచింది. అది దిగేసరికి వసుకేతుడు అక్కడ లేడు. తుపాకి వీపున వేసుకుని, గట్టు అంచునుంచి గాలిలోకి దూకేశాడు. చెవుల పక్కన గాలి ఈల వేసింది, లోయగోడలు ఆకుపచ్చని గీతలై పైకి పోయాయి, మరుక్షణం చల్లని నీళ్ళు అతన్ని మింగేశాయి.

మడుగు అడుగున పంజరం మిణుగురులా మెరుస్తోంది. అతను రెండు బారల్లో దాన్ని అందుకుని, పైకి తేలి, గుక్కపెట్టి ఊపిరి తీశాడు. గంగాలు పుట్టిని సుడిలా తిప్పుకుంటూ వచ్చి, జుట్టు పట్టుకుని అతన్ని లోపలికి లాగింది. రాజుగారి వంశంలో ఎవరి జుట్టునూ ఎవరూ అలా పట్టుకుని ఉండరు. తుపాకి మడమతో తాళం మీద ఒక్క పోటు పొడిచేసరికి పంజరం తలుపు ఊడిపోయింది. లోపల గోరువంక తడిసి ముద్దై, కళ్ళు మూసుకుని పడి ఉంది. మొదటిసారిగా మౌనంగా ఉంది.

"నాయనమ్మా!" అన్నాడు వసుకేతుడు. ఇన్నిరోజులుగా పలకని మాట.

పంజరం బయట పారే నీరు తగిలితేనే మంత్రం కరుగుతుందని గంగాలుకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఊరకే ముఖం మీద చల్లితే తెలివొస్తుందని పిట్టను బయటికి తీసి, దోసెడు నీళ్ళు దాని మీద కుమ్మరించింది. పుట్టిలో పసుపు రంగు వెలుగు నిండింది. వెలుగు తగ్గేసరికి ఇద్దరి మధ్యా, నెరిసిన జుట్టు, నుదుటి నిండా విభూతిరేఖ, తడిసిన పట్టుచీరతో రాజమాత కనకాంబాదేవి కూర్చుని తుమ్ముతోంది.

"అంత చల్లటి నీళ్ళా?" అంది ముందుగా. తర్వాత మనవడి మసిముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. "చిక్కిపోయావు, వసూ. ఈవిడ అన్నం పెట్టడం లేదా?"

"పెడుతున్నాను, రాజమాతా! తినడానికే తమ మనవడికి తీరిక లేదు" అంది గంగాలు. అంతలో ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "తల్లీ... తమ వీపున..."

దోసెడు నీళ్ళు ముందువైపే పడ్డాయి. రాజమాత భుజాలనుంచి నేరేడుపండు రంగు రెక్కలు రెండు, తెల్లని మచ్చలతో, పుట్టి అంచులు దాటి వేలాడుతున్నాయి. ఆవిడ తల తిప్పి వాటిని చూసుకుంది. ఒకటి కదిపింది. రెండోదీ కదిపింది. ముఖంలో చిన్నపిల్ల నవ్వు విరిసింది.

"ఇంకొక్క దోసెడు పోస్తే పోతాయి" అంటూ గంగాలు నీళ్ళలోకి వంగబోయింది.

"పొయ్యకు!" అంది రాజమాత గట్టిగా.

పైన కొండ దద్దరిల్లింది. ఒళ్ళంతా బూడిద, గడ్డంలో ఇంకా రగులుతున్న నిప్పురవ్వలతో శార్దూలజటుడు నల్లబండ కొసన నిలబడి తల విదిలించాడు. వాడి జడలు ఒక్కొక్కటే ఊడి ఏట్లో పడ్డాయి. పడిన జడ పడినట్టే చారల కొండచిలువై, పడగలేని తలెత్తి, పుట్టికేసి ఈదసాగింది. ఏరంతా పాములమయమైపోయింది. గంగాలు తెడ్డు వేసింది, వసుకేతుడు తుపాకి తిరగేసి తెడ్డులా వేశాడు. పుట్టి గిర్రున తిరుగుతూ ప్రవాహంలో బాణంలా పోతోంది. మలుపు తిరగ్గానే ఏరు ఎదుట లేదు. నీళ్ళు నేల అంచునుంచి ఒక్కపెట్టున కిందికి దూకుతున్నాయి. ఎంత లోతో తెలియదు, తుంపరల తెల్లటి పొగ ఒక్కటే పైకి లేస్తోంది. వెనక కొండచిలువల బుసలు, ముందు జలపాతం హోరు.

"పట్టుకోండి!" అంది రాజమాత. చీరకొంగు నడుముకు బిగించి, పుట్టి అంచు మీద నిలబడి, రెండు చేతులతోనూ నడిమికట్టె పట్టుకుంది. పుట్టి అంచు దాటింది. గంగాలు కళ్ళు గట్టిగా మూసుకుంది.

కాని పుట్టి పడలేదు.

తల పైన రెక్కల చప్పుడు. ఒకసారి, రెండుసార్లు, ఆ తర్వాత జోరుగా. వెదురుపుట్టి తుంపరల పొగను చీల్చుకుని ఎండలోకి లేచింది. కింద కొండచిలువలు ఒకదాని మీద ఒకటి పడుతూ జలపాతంలో కొట్టుకుపోయాయి. శంబరీ లోయ చూస్తుండగానే పచ్చని దొన్నెంత చిన్నదైపోయింది.

గంగాలు ఒక కన్ను తెరిచి, కిందికి చూసి, రెండోదీ తెరిచి, నవ్వుతూ వసుకేతుడి వీపు చరిచింది. "నీలధారకు పడమర దిక్కు పోవాలి, నాయనమ్మా!" అని అతను పైకి కేక వేశాడు.

రాజమాత తూర్పుకు తిరిగింది.

"నాయనమ్మా, అది తూర్పు!"

"తెలుసురా. వాడి గుహ ముందు అన్నాళ్ళు వేలాడినదాన్ని. నేను మాట్లాడుతూ కూర్చున్నానేగాని ఏమీ వినలేదనుకున్నారా అందరూ? వాడి ప్రాణం ఎక్కడ దాచాడో నిద్రలో రోజూ కలవరించేవాడు." ఆవిడ రెక్కలు చాచి గాలి మీద ఒరిగింది. దూరాన, ఆకాశం నేలను తాకేచోట, గాజుముక్కలా ఒక దీవి తళుక్కుమంది. "గంగాలూ, ఆ పాట మళ్ళీ ఎత్తుకో. హుషారు చరణం!"